అభిమాని ఫిర్యాదు: అమెరికా కళాశాల క్రీడల్లో ఆటగాళ్ల బదిలీలు, విశ్వవిద్యాలయ రాజకీయాలు

ఒక అభిమాని ఫిర్యాదుతో ఈ పాఠం మొదలుపెడదాం. ఆయన ఏళ్ల తరబడి ప్రేమించిన విశ్వవిద్యాలయ జట్టులో ఒక కుర్రాడు పేరు తెచ్చుకున్నాడు. పేరు రాగానే మరో విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాడు. అతని స్థానంలో వచ్చినవాడు కూడా ఏడాది తిరిగేసరికి అదే దారి పట్టాడు. ‘ఎవరు ఎన్నాళ్లుంటారో తెలియని జట్టును మాది అని ఎలా అనుకోవాలి?’ అని ఆయన అడుగుతున్నాడు. అమెరికాలో కళాశాల ఫుట్‌బాల్ చూసేవారి నోట గత కొన్నేళ్లుగా తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఇది. జవాబు కోసం మనం మైదానం దాటి విశ్వవిద్యాలయాల పాలకమండళ్ల దాకా, టీవీ ఒప్పందాల దాకా, కోర్టు తీర్పుల దాకా వెళ్లాలి.

మన దేశంలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ఏటా జరుగుతాయి. కానీ వాటిని చూడటానికి టికెట్టు కొనేవారు ఉండరు. ఫలితం మరునాడు పత్రికలో ఒక మూల వస్తే గొప్ప. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసిరి, పట్టుకుని పరుగెత్తే ఆట. మిషిగన్ విశ్వవిద్యాలయ స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చోగలరు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వం నుంచి అత్యధిక జీతం తీసుకునే ఉద్యోగి గవర్నరు కాదు, ప్రభుత్వ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ లేదా బాస్కెట్‌బాల్ కోచ్. మీ బంధువుల పిల్లలెవరైనా అక్కడ ఎం.ఎస్. చదువుతుంటే, ఆట ఉన్న శనివారం క్యాంపస్ దగ్గర కారు పెట్టుకోవడానికి చోటు దొరకదని చెప్పే ఉంటారు.

పుల్‌మన్ అనే ఊరు

మన అభిమానిది పుల్‌మన్ అనుకుందాం. ఇది వాషింగ్టన్ రాష్ట్రపు తూర్పు అంచున, గోధుమ పొలాల మధ్య ఉన్న చిన్న ఊరు. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. ఊరి జనాభా, స్టేడియంలో సీట్ల సంఖ్య రెండూ 33 వేలకు అటూ ఇటూ ఉంటాయి. దగ్గరలో వృత్తి క్రీడా జట్టేదీ లేదు. పడమట సముద్ర తీరాన సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఉంది. పేర్లు దగ్గరగా ఉన్నాయి కాబట్టి జాగ్రత్తగా గమనించండి: రెండూ ఒకే రాష్ట్రానివి, రెండూ ప్రభుత్వానివే, కానీ వేర్వేరు సంస్థలు. ఈ రెండు జట్ల మధ్య 1900 నుంచి సాగుతున్న పోటీకి యాపిల్ కప్ అని పేరు.

2022లో కామ్ వార్డ్ అనే క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆటను నడిపించే కీలక ఆటగాడు, పుల్‌మన్‌కు వచ్చాడు. అంతకుముందు టెక్సస్‌లోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న విశ్వవిద్యాలయంలో ఆడేవాడు. అక్కడి కోచ్ ఎరిక్ మోరిస్ పుల్‌మన్‌లో కొత్త కొలువులో చేరగా, వార్డ్ కూడా ఆయన వెంట వచ్చాడు. ఆ కోచ్ ఏడాదికే మరో విశ్వవిద్యాలయానికి ప్రధాన కోచ్‌గా వెళ్లిపోయాడు. వార్డ్ మాత్రం రెండు సీజన్లు ఆడి, 2024 జనవరిలో మయామీ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నాడు. 2025లో వృత్తి లీగ్ ఎంపికల్లో దేశంలోనే మొదటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. వార్డ్ స్థానంలో వచ్చిన జాన్ మటీర్ 2024 సెప్టెంబరులో యాపిల్ కప్‌ను 24–19 తేడాతో గెలిపించి, డిసెంబరులో ఓక్లహోమాకు వెళ్లాడు. అదే నెలలో ప్రధాన కోచ్ జేక్ డికర్ట్ వేక్ ఫారెస్ట్‌కు వెళ్లాడు. ఏడాది వ్యవధిలో ఇద్దరు నాయకులు, ఒక కోచ్. అభిమాని కోపం మనకు అర్థం కానిదేమీ కాదు.

ఆటగాడి కాళ్లకు కట్టిన తాడు

ఈ స్వేచ్ఛ ఇటీవలిది. కళాశాల క్రీడలను నడిపే జాతీయ సంఘం ఎన్‌సీఏఏ 1906లో ఏర్పడింది. ఆటగాడు ముందు విద్యార్థి, కాబట్టి స్కాలర్‌షిప్ తప్ప జీతం తీసుకోరాదు అన్నది దాని మూల సూత్రంగా స్థిరపడింది. ‘విద్యార్థి–క్రీడాకారుడు’ అనే జంట పదాన్ని ఆ సంఘం 1950లలో పట్టుబట్టి ప్రచారంలోకి తెచ్చింది. మైదానంలో దెబ్బ తగిలినవారు కార్మికుల్లా పరిహారం కోరే అవకాశం ఉండకూడదన్నది ఆ పదం వెనకున్న ఆలోచన. దాన్ని రూపొందించినవారిలో ముఖ్యుడైన వాల్టర్ బయ్యర్స్ తర్వాతి కాలంలో ఆ వ్యవస్థనే తీవ్రంగా విమర్శించాడు.

ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి డబ్బు తెచ్చే ఆటల్లో ఒక విశ్వవిద్యాలయం నుంచి మరోదానికి మారిన ఆటగాడు సాధారణంగా ఒక ఏడాది మ్యాచ్‌లు ఆడకుండా కూర్చోవాలి. పైగా పాత కోచ్ అనుమతి ఇస్తేనే కొత్త విశ్వవిద్యాలయం అతనితో మాట్లాడి స్కాలర్‌షిప్ ఇవ్వగలిగేది. కోచ్‌కు మాత్రం ఇలాంటి నియమం ఏదీ లేదు. సోమవారం రాజీనామా చేసి మంగళవారం మరోచోట జట్టు తయారుచేసుకోవచ్చు.

2018 అక్టోబరులో ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’ మొదలైంది. ఇది ఒక కంప్యూటర్ జాబితా. ఆటగాడు తన పేరు అందులో చేర్చమని కోరితే చాలు, ఇతర విశ్వవిద్యాలయాలు అతన్ని సంప్రదించవచ్చు. కోచ్ అనుమతి అక్కర్లేదు. 2021లో అన్ని ఆటల్లోనూ ఒకసారి ఏడాది నిరీక్షణ లేకుండా మారే వీలు కల్పించారు. రెండోసారి మారేవారిపై ఆంక్షలు చట్టవిరుద్ధమంటూ కొన్ని రాష్ట్రాలు కోర్టుకు వెళ్లగా, 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ న్యాయమూర్తి ఆ నియమం అమలును ఆపారు. 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ వెనక్కి తగ్గింది. చదువులో అర్హత నిలబెట్టుకుంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చు.

డబ్బు సంగతి కూడా దాదాపు అదే కాలంలో మారింది. ఎన్‌సీఏఏపై ఆల్‌స్టన్ అనే ఆటగాడు వేసిన దావాలో 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పుతో చదువుకు సంబంధించిన అదనపు ప్రయోజనాలపై పరిమితులను కొట్టివేసింది. మరుసటి నెల 1 నుంచి ఆటగాళ్లు తమ పేరును, బొమ్మను వ్యాపార ప్రకటనలకు ఇచ్చి సంపాదించుకోవడానికి అనుమతి వచ్చింది. 2025 జూన్‌లో ఆమోదం పొందిన మరో దావా ఒప్పందం ప్రకారం పాత ఆటగాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. ఇకపై ఒక్కో విశ్వవిద్యాలయం ఏటా సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా ఆటగాళ్లకు పంచవచ్చు. ఇది పరిమితి మాత్రమే. అంత డబ్బు పుల్‌మన్ వంటి చోట ఉండదు. ఎదిగిన ఆటగాడు పెద్ద జట్ల వైపు కదలడానికి ముఖ్య కారణాల్లో ఇది ఒకటి.

ముందు కదిలింది ఎవరు?

ఇప్పుడు తేదీల క్రమం చూడండి. వార్డ్ పుల్‌మన్ వదిలింది 2024 జనవరిలో. అంతకు ఐదు నెలల ముందే ఆ జట్టు ఆడే లీగే కూలిపోయింది.

అమెరికా విశ్వవిద్యాలయ జట్లు ‘కాన్ఫరెన్స్’లు అనే కూటములుగా ఆడతాయి. టీవీ ప్రసార హక్కులను అమ్మేది ముఖ్యంగా ఈ కూటములే. ప్రసార హక్కులపై ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యం చెల్లదని 1984లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఈ అధికారం వాటి చేతికి వచ్చింది. పడమటి తీరపు కూటమి ప్యాక్–12. దాని మూలాలు 1915 నాటివి. 2022 జూన్‌లో లాస్ ఏంజిలెస్‌కు చెందిన యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ దాన్ని వదిలి, అమెరికా మధ్య ప్రాంతంలో పుట్టిన బిగ్ టెన్‌లో చేరతామని ప్రకటించాయి. ఆ వేసవిలోనే బిగ్ టెన్ మూడు టీవీ సంస్థలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఒప్పందం చేసుకుంది. ప్యాక్–12కు 2023లో దొరికింది చందాదారుల సంఖ్యను బట్టి ఆదాయం వచ్చే యాపిల్ సంస్థ ప్రతిపాదన. ఆ ఆగస్టులో వాషింగ్టన్, ఆరెగాన్ విశ్వవిద్యాలయాలు బిగ్ టెన్‌కు, మరికొన్ని ఇతర కూటములకు వెళ్లిపోయాయి. చివరికి మిగిలినవి రెండే: వాషింగ్టన్ స్టేట్, ఆరెగాన్ స్టేట్. వందేళ్ల బంధాన్ని తెంచినది ఇరవై ఏళ్ల కుర్రాడు కాదు, విశ్వవిద్యాలయాల అధ్యక్షులు.

ఈ నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు? మన విశ్వవిద్యాలయాలకు పాలకమండలి ఉన్నట్టే అక్కడ ‘రీజెంట్ల మండలి’ ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ సభ్యులను గవర్నరు నియమిస్తాడు. అక్కడి గవర్నరు ప్రజలు ఎన్నుకున్న రాజకీయ నాయకుడు, మన ముఖ్యమంత్రి వంటివాడు అని గుర్తుంచుకోండి. ఆ రాష్ట్రంలో రెండు విశ్వవిద్యాలయాలకు రెండు వేర్వేరు మండళ్లు ఉన్నాయి. సియాటిల్ మండలి తన సంస్థ లాభం చూసుకుంది. పుల్‌మన్ ఏమవుతుందన్నది దాని బాధ్యత కాదు.

కాలిఫోర్నియాలో మాత్రం యూసీఎల్‌ఏ, బర్క్‌లీ రెండూ ఒకే మండలి కింద ఉన్నాయి. అందువల్ల తేడా వచ్చింది. యూసీఎల్‌ఏ ముందు తనంతట తానే ప్రకటించింది. గవర్నర్ గావిన్ న్యూసమ్ దీన్ని బహిరంగంగా విమర్శించారు. రీజెంట్లు విచారణ జరిపి, 2022 డిసెంబరులో మార్పుకు ఒప్పుకున్నారు కానీ నష్టపోయే బర్క్‌లీకి యూసీఎల్‌ఏ డబ్బు చెల్లించాలన్నారు. తర్వాత ఆ మొత్తాన్ని ఏటా కోటి డాలర్లుగా, మూడేళ్లకు నిర్ణయించారు. ఇద్దరు అన్నదమ్ముల ఆస్తి తగాదాను ఇంటి పెద్ద తీర్చినట్టుంది ఇది. వాషింగ్టన్‌లో అన్నదమ్ములున్నారు, ఇంటి పెద్ద లేడు. ఒకే స్వభావం గల రెండు సంఘటనలకు వేర్వేరు ఫలితాలు రావడానికి పాలనా నిర్మాణమే కారణమని ఈ పోలిక చూపిస్తుంది. ప్రభుత్వ పాలన విద్యార్థులుగా మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన అంశం ఇదే.

మిగిలిన రెండు విశ్వవిద్యాలయాలు ఊరికే కూర్చోలేదు. వెళ్లిపోతున్న పదిమంది కూటమి ఆస్తులపై ఓటు వేయడం చెల్లదని పుల్‌మన్ ఉన్న విట్‌మన్ కౌంటీ కోర్టులో వాదించి గెలిచాయి. 2023 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. చివరికి రాజీ కుదిరి, వెళ్లేవారి వాటా నుంచి మొత్తం 6 కోట్ల 50 లక్షల డాలర్లు వీటికి దక్కాయి.

అభిమాని మాటలో నిజమెంత?

ఆటగాడిని ద్రోహి అనడం సరికాదని నా అభిప్రాయం. మిమ్మల్ని ఎవరైనా ఒక కోర్సులో చేర్చుకుని, వేరే విశ్వవిద్యాలయానికి మారితే ఏడాది పరీక్షలు రాయనివ్వమని అంటే మీరు ఒప్పుకుంటారా? అయితే అభిమాని చెప్పేదంతా అసూయ అని కొట్టిపారేయలేం. కొత్త పద్ధతిలో నష్టపోయేవారున్నారు. పోర్టల్‌లో పేరిచ్చిన వారందరికీ కొత్త స్కాలర్‌షిప్ దొరకదు. పాత విశ్వవిద్యాలయం ఈలోగా వారి స్కాలర్‌షిప్‌ను రద్దు చేయవచ్చు. ఎన్‌సీఏఏ నియమం ప్రకారం ఆటగాడు మూడో ఏడాది చివరికి డిగ్రీలో 60 శాతం పూర్తిచేసి ఉండాలి. మారినచోట పాత క్రెడిట్లను గుర్తించకపోతే అది కష్టమవుతుంది. ఒక కోర్సు నుంచి మరో కోర్సుకు మారడానికి ప్రయత్నించిన దూరవిద్యా విద్యార్థులకు ఈ తలనొప్పి కొత్త కాదు.

టీవీలో కనబడని ఆటలవారు కూడా ఉన్నారు. బిగ్ టెన్‌లో చేరిన తర్వాత యూసీఎల్‌ఏ క్రీడాకారులు న్యూజెర్సీలోని రట్గర్స్‌తో ఆడాలంటే సుమారు 4,000 కిలోమీటర్లు ప్రయాణించాలి. ఫుట్‌బాల్ జట్టుకు ఇది సీజన్‌కు కొద్దిసార్లే. వాలీబాల్ ఆడే అమ్మాయిలు వారం మధ్యలో తరగతులు వదులుకుని విమానం ఎక్కాలి. 2025 ఒప్పందంలో పాత ఆటగాళ్లకు వచ్చే పరిహారంలో అధిక భాగం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ వారికే పోతుంది. మహిళలకు సమాన అవకాశం ఇవ్వాలన్న 1972 నాటి చట్టం దీనికి వర్తిస్తుందా అన్న వివాదం కూడా మొదలైంది.

ఇక అభిమాని జేబు. ఆటగాళ్లను నిలబెట్టుకోవడానికి అనేక విశ్వవిద్యాలయాల అభిమానులు నిధి సంఘాలు పెట్టుకుని నెలనెలా చందాలు ఇవ్వడం మొదలుపెట్టారు. టికెట్టు, టీవీ చందా, ఇప్పుడు ఇది. డబ్బు అడిగేటప్పుడు ఆయనను కుటుంబ సభ్యుడు అంటారు. కూటమి మారే సమావేశానికి మాత్రం పిలవరు. ఫిర్యాదులో అసలు బరువు ఇక్కడుందని నాకనిపిస్తుంది.

పుల్‌మన్ అభిమాని కూడా ఒక విషయం ఒప్పుకోవాలి. ప్యాక్–12లో ఒంటరైన ఏడాది ఆయన జట్టుకు మ్యాచ్‌లు ఇచ్చి ఆదుకున్నది మౌంటెన్ వెస్ట్ అనే చిన్న కూటమి. 2024 సెప్టెంబరులో ప్యాక్–12 తనను తాను పునర్నిర్మించుకోవడానికి 2026 నుంచి చేరేలా ఆ కూటమి నుంచే బాయిసీ స్టేట్ సహా ఐదు విశ్వవిద్యాలయాలను లాక్కుంది. ఇరుపక్షాలూ కోర్టుకెక్కాయి. సియాటిల్ జట్టుతో యాపిల్ కప్ మాత్రం 2028 వరకు ఆడేలా ఒప్పందం ఉంది. ఇదివరకు ఏటా నవంబరు చివర చలిలో జరిగే ఆ మ్యాచ్ ఇప్పుడు సీజన్ మొదట్లో, సెప్టెంబరు ఎండలో జరుగుతోంది.