అసోసియేషన్ రూల్సు లేని ఇల్లు కావాలంటే ముందు రోడ్డు ఎవరిదో చూడండి

మన సంఘం ఆఫీసుకు ఈ మధ్య ఇళ్ల సంగతి అడగడానికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. చాలామంది రిటైరైనవాళ్లు. బెంగళూరు నడిబొడ్డున ఉన్న పాత ఇల్లు అమ్మి, అన్నదమ్ములు పంచుకోగా వచ్చిన వాటాతో ఊరి బయట ఇల్లు చూసుకుంటున్నవాళ్లు. ఆనేకల్, అత్తిబెలె, హొసకోటె, దేవనహళ్లి, కొంచెం దూరమైనా సరేనంటే మాలూరు, హోసూరు. అందరిదీ ఒకటే మాట: "ఇల్లు చిన్నదైనా ఫర్వాలేదండీ, అసోసియేషన్ వాళ్లు నెత్తిన కూర్చోకూడదు."

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. పెన్షను చాలనివాళ్లు మేడమీద పోర్షను అద్దెకిచ్చుకోవాలి. ఇంట్లో ఆడవాళ్లు కుట్టుమిషను పెట్టుకోవాలి, ఆర్డరు మీద పచ్చళ్లు, పిండివంటలు చేసివ్వాలి. ఎండాకాలం మిద్దె మీద వడియాలు ఆరాలి. ఇంట్లో పెద్దవాళ్లు పోతే పదిమందీ వచ్చి కూర్చోవడానికి, కర్మలు జరుపుకోవడానికి చోటుండాలి. ఇవేవీ కుదరని కాంప్లెక్సులు చాలా ఉన్నాయి. టెర్రస్‌కు తాళం, పెళ్లికాని కుర్రాళ్లకు అద్దె ఇవ్వకూడదు, ఇంట్లో వ్యాపారం చేయకూడదు. అద్దె రాబడి లెక్కలోనే బ్యాంకు లోను తీసుకున్నవాళ్లకు ఆ ఒక్క రూలుతో నెల నెలా ఇబ్బందే.

అయితే "ఇక్కడ అసోసియేషన్ లేదు సార్" అని బ్రోకరు చెప్పిన మాటకు విలువ లేదు. ఇవాళ లేకపోతే రేపు పెడతారు. చూడవలసింది ఒకటే: మీ గేటు ముందున్న రోడ్డు, మూలనున్న పార్కు కాగితాల్లో ఎవరి పేరున ఉన్నాయి?

అవి ఇళ్లవాళ్లందరి ఉమ్మడి ఆస్తి అయితే అసోసియేషన్ తప్పదు. అపార్ట్‌మెంటు సంగతి ఇదే. కర్ణాటకలో 1972 నాటి అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం కింద డిక్లరేషను, బైలాలు సబ్‌రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరై ఉంటే, ఆ బైలాలు ఫ్లాటుతో పాటే వస్తాయి. మీరు సంతకం పెట్టలేదంటే చెల్లదు. కట్టని మెయింటెనెన్సు ఆ ఫ్లాటు మీదే బాకీగా నిలుస్తుంది. పాత ఓనరు దగ్గర కొనేటప్పుడు నో డ్యూస్ పత్రం అడగమనేది ఇందుకే. 2016 నాటి రెరా చట్టం ప్రకారం కొత్త ప్రాజెక్టుల్లో అసోసియేషన్ ఏర్పడేలా చూడడం బిల్డరు బాధ్యత, అందులో పాలుపంచుకోవడం కొన్నవాళ్ల బాధ్యత.

మంజూరైన సైట్ల లేఅవుట్ సంగతి వేరు. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్లు, పార్కులు పైసా తీసుకోకుండా ప్రభుత్వ సంస్థకు వదిలేయాలి. దాన్ని రెలింక్విష్‌మెంట్ డీడ్ అంటారు. ఆ పత్రం రిజిస్టరై ఉంటే రోడ్డు జనానిది. కాంపౌండు గోడ, సెక్యూరిటీ గేటు ఎంత దర్జాగా ఉన్నా అది గేటెడ్ కమ్యూనిటీ అయిపోదు. కర్ణాటక హైకోర్టు కూడా ఇలాంటి రోడ్లు అందరివీ అనే చెప్పింది. అక్కడ ఉండే అసోసియేషన్ ఇష్టమున్నవాళ్లు చేరే సంఘం, మన తెలుగు సంఘం లాంటిదే. చందా అడగవచ్చు, కూరగాయల బండిని రావద్దనలేదు. బి.డి.ఎ. వేసిన లేఅవుట్లు చాలావరకు ఈ రకమే.

ఒక మెలిక ఉంది. సైటు మీ ఒక్కరిదే అయినా, మెయింటెనెన్సు ఒప్పందానికి కట్టుబడి ఉంటానని సేల్ డీడ్‌లోనే ఒక షరతు చేర్చి ఉంటారు. అది మీరు ఒప్పుకుని సంతకం పెట్టిన మాటే అవుతుంది. అందుకని సేల్ డీడ్‌లో రెండు చోట్ల ఆగి చదవండి. మొదటిది షెడ్యూలు. అందులో సైటు కొలతలు, నాలుగు వైపుల హద్దులు (కన్నడ పత్రాల్లో చక్కుబంది) మాత్రమే ఉంటే అది విడి సైటు. "అన్‌డివైడెడ్ షేర్" అనే మాట కనిపిస్తే, చూడడానికి విల్లాలా ఉన్నా మీరు కొంటున్నదాంట్లో ఉమ్మడి వాటా ఉందని అర్థం. రెండోది చివర్లో ఉండే షరతుల పేజీ. సాధారణంగా ఎవరూ చదవని పేజీ అదే.

అసోసియేషన్ పీడ వదిలించుకోబోయి కొందరు అంతకంటే పెద్ద చిక్కులో పడుతున్నారు. వ్యవసాయ భూమిని కన్వర్షను లేకుండా ముక్కలు చేసి అమ్మే రెవెన్యూ సైట్లు చవగ్గా వస్తాయి. అక్కడ రూలు అడిగేవాడు ఉండడు నిజమే, మోరీ వేసేవాడూ ఉండడు. పంచాయతీ పరిధిలో ఫారం 9, ఫారం 11ఎ అడగండి. ఉత్త 11బి చేతిలో పెడితే ఆ సైటుకు సరైన అనుమతి లేనట్టే, బ్యాంకు లోను కూడా కష్టం. దీనికంటే పాత ఊళ్లలోని గ్రామఠాణా ఇళ్లు మేలని నా అభిప్రాయం. ఆంధ్రలో మనవాళ్లు గ్రామకంఠం అనేదే ఇక్కడ గ్రామఠాణా. అక్కడ హక్కు పత్రాలు, వారసుల సంతకాలు చూసుకోవాలి. అన్నట్టు ఆనేకల్, హొసకోటె చుట్టుపక్కల పాత ఊళ్లలో తెలుగు మాట్లాడే ఇళ్లు ఇప్పటికీ తక్కువేం లేవు.

హోసూరు వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట. అది తమిళనాడు కాబట్టి ఖాతా, కన్వర్షను లెక్కలు అక్కడ పనికిరావు. పట్టా చూడాలి, లేఅవుట్‌కు డి.టి.సి.పి. అనుమతి చూడాలి. లేఅవుట్ 3,000 చదరపు మీటర్లు దాటితే, రోడ్లు పోను మిగిలినదాంట్లో పదో వంతు సాధారణంగా ఖాళీ స్థలంగా స్థానిక సంస్థకు గిఫ్టు డీడ్ చేసి ఇవ్వాలి. రోడ్లకూ గిఫ్టు డీడ్ ఉంటుంది. కాపీలు అడిగి తీసుకోండి.

అసోసియేషన్ లేని చోట ఖర్చు లేదనుకోవద్దు. కావేరి నీళ్లు రాని లేఅవుట్‌లో బోరు ఎండితే ట్యాంకరుకు మీరే ఫోను చేయాలి, వీధిదీపం పోతే మీరే ఆఫీసు చుట్టూ తిరగాలి. 2024 ఎండాకాలంలో ఈ కష్టం చాలామంది చూశారు. డెబ్భై దాటి, పిల్లలు దూరాన ఉన్న దంపతులకు ఇలాంటి ఇల్లు నేను సిఫారసు చేయను. రూల్సు తక్కువున్న చిన్న అపార్ట్‌మెంటే నయం.

అలాంటిది చూస్తున్నవాళ్లు బైలాలతో పాటు కిందటి ఏడాది మీటింగుల మినిట్స్ అడగండి. గుమాస్తాగా పనిచేసినవాడిని కాబట్టి చెబుతున్నాను, అసలు సంగతులు మినిట్స్ పుస్తకంలోనే ఉంటాయి. ఎవరికి జరిమానా వేశారు, ఎందుకు వేశారు, అద్దెవాళ్ల గురించి ఎలాంటి తీర్మానాలు చేశారు, అన్నీ తెలుస్తాయి. చూపించం అన్నారంటే అదీ ఒక జవాబే. ఆదివారం ఉదయం ఆ వీధిలో ఒకసారి నడిచి రండి. టు-లెట్ బోర్డులు, మిద్దెల మీద ఆరేసిన బట్టలు, వాకిళ్లలో ముగ్గులు, లోపలికి వస్తున్న పూలబండి కనిపిస్తే అక్కడ మనుషుల్ని బతకనిస్తున్నారని అర్థం.

కుక్కను పెంచుకునేవాళ్లు పెద్దగా కంగారుపడనక్కర్లేదు. పెంపుడు జంతువులను అసోసియేషన్లు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఉన్నాయి.

సేల్ డీడ్ కన్నడంలో ఉండి అర్థం కాకపోతే ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకు తీసుకురండి, కూర్చుని చదివి చెబుతాం. జిరాక్సు కాపీ తెస్తే చాలు, ఒరిజినల్ ఇంట్లోనే ఉంచండి. టైటిల్ మీద అభిప్రాయం మాత్రం వకీలు దగ్గరే తీసుకోవాలి. అడ్వాన్సు ఇచ్చాక కాదు, ఇవ్వకముందు.