గాలం పోటీకి కొర్రమీను సై!
కుంట ఉన్న రైతుకు నాలుగు రూపాయలు... జాగ్రత్త తప్పితే చేపకు పుండు

చిత్త కార్తె వచ్చింది. వానలు వెనకపట్టాయి. చెరువుల్లో బురద పేరుకుని నీరు తేటపడుతోంది. ఈ రోజుల్లో తెల్లవారుజామున చెరువు గట్టుకు వెళితే గాలం కర్ర పట్టుకుని, మాటామంతీ లేకుండా నీటివైపే చూస్తున్నవాళ్లు కనబడతారు. హైదరాబాద్ పాతబస్తీలో ఈ సరదాను 'షికార్' అంటారు. తుపాకీ లేదు, అడవి లేదు. ఒక కర్ర, ఒక దారం, బోలెడంత ఓపిక. అంతే!

జూపార్కు పక్కనున్న మీరాలం చెరువు ఒకప్పుడు ఊరికి మంచినీళ్లిచ్చింది. ఇరవై ఒక్క రాతి కమానుల కట్ట దానిది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాక దాని అవసరం తగ్గింది. తర్వాత మురుగు చేరింది. మురుగు చేరే నీటిలో పట్టిన చేపను కూరకు వాడకపోవడమే మేలు. మరి శుభ్రమైన నీటిలో షికార్ కావాలంటే? ఊరి బయట రైతు సొంత కుంట ఉంది కదా. అదీ సంగతి.

పరాయి దేశంలో బాస్, మనకు కొర్రమీను

అమెరికాలో 'బాస్' అనే వేట చేప ఉంది. దాన్ని గాలంతో పట్టే పోటీలు అక్కడ ఊరూరా జరుగుతాయి. 1967లో రే స్కాట్ అనే ఆయన ఆర్కన్సాస్ రాష్ట్రంలోని బీవర్ సరస్సులో పెట్టిన పోటీతో వీటికి ఊపు వచ్చింది. 1972 నుంచి ఆయన 'పట్టిన చేపను చంపొద్దు' అనే పద్ధతి తెచ్చాడు. చేపను బతికుండగానే తూకం వేయాలి, తిరిగి నీటిలో వదలాలి. చచ్చిన చేప తెస్తే తూకంలో కోత పడుతుంది. చలి ముదిరేలోపు చేప బాగా మేస్తుంది గనుక శరదృతువులో అక్కడ పోటీలు జోరుగా సాగుతాయి.

అలాగని ఆ బాస్ పిల్లల్ని తెప్పించి మన కుంటలో వేద్దామనుకోవద్దు. పరాయి వేట చేప చెరువుల్లోకి పోతే మన చేపల్ని మింగేస్తుంది. ఆఫ్రికా మార్పు చేపతో పడ్డ పాట్లు చాలవా! దాన్ని మన ప్రభుత్వమే నిషేధించాల్సి వచ్చింది. ఎరపైకి దూకడంలో బాస్‌కు తీసిపోని చేప మనకే ఉంది. అదే కొర్రమీను, కొందరి నోట కొరమట్ట. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. పాతబస్తీ దూద్‌బౌలిలో బత్తిన కుటుంబం మొదలుపెట్టి, ఇప్పుడు మృగశిర నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఇస్తున్న చేప ప్రసాదంలో మింగించేదీ ఈ చేప పిల్లనే. ఉబ్బసం తగ్గుతుందని జనం నమ్మకమే గాని, శాస్త్రీయంగా రుజువు కాలేదు. కానీ ఆ రోజుల్లో కొర్రమీను పిల్లకు గిరాకీ ఉంటుందన్నది మాత్రం నిజం.

దీని అలవాట్లు తెలిస్తేనే గాలం

కొర్రమీనుకు నీటిలోని ప్రాణవాయువు ఒక్కటే చాలదు. మధ్యమధ్య పైకొచ్చి గాలి గుటక వేయాల్సిందే. గుటక వేసినచోట బుడగ, అల కనబడతాయి. తుంగ, తామరాకు, గుర్రపుడెక్క అంచున నక్కి ఉంటుంది. పొద్దు పొడిచే వేళ, పొద్దు వాలే వేళ మేత మీదికొస్తుంది. ఎర పడగానే గుంజితే జారిపోతుంది. నోట కరుచుకుని తిరిగాక, మూడు నాలుగు లెక్కపెట్టి అప్పుడు లాగాలి.

ఎరగా కప్పను గుచ్చడం పాత అలవాటు. అది మానండి. పొలంలో పురుగుల్ని తినేది కప్పే. కప్ప కాళ్ల ఎగుమతిని 1987లో కేంద్రం ఆపిందీ అందుకే. ఇప్పుడు రబ్బరు కప్పలు దొరుకుతున్నాయి. కొర్రమీను వాటినీ అంతే కసిగా కొరుకుతుంది.

వానాకాలంలో మాత్రం దాని జోలికి పోవద్దు. తల్లీ తండ్రీ కలిసి గుడ్లకు, పిల్లలకు కాపలా కాస్తాయి. ఎర్రని పిల్లల గుంపు నీటిపై బంతిలా కదులుతుంటే కింద పెద్ద చేప ఉన్నట్టే. అప్పుడు గాలం వేస్తే తేలిగ్గా పడుతుంది. కానీ కాపలా పోయిన పిల్లల్ని మిగతా చేపలు గంటల్లో మింగేస్తాయి. ఒక చేప కోసం వందల పిల్లలు పోతాయి. అందుకే పోటీకి చిత్త, స్వాతి కార్తెలే తగిన అదను.

మీ కుంటలో పోటీ పెడితే

ఊరి చెరువులో చేపల హక్కు మత్స్యకారుల సంఘానిదో పంచాయతీదో అయి ఉంటుంది. వాళ్ల అనుమతి లేకుండా పోటీ పెడితే తగాదా తప్పదు. పట్టా భూమిలోని సొంత కుంటకైతే ఆ చిక్కు లేదు. లెక్క కోసం చెప్పుకుందాం. పదిహేను మంది వచ్చి మనిషికి 300 రూపాయలు కట్టారనుకుంటే 4,500 రూపాయలు. బహుమతికి, చాయ్‌కి, భోజనాలకు తీసేసినా కొంత మిగులుతుంది, చేపలూ మీకే ఉంటాయి. ఇది పంట ఆదాయం కాదు, పక్క ఆదాయం. దీన్ని నమ్ముకుని అప్పు చేయొద్దు.

పోటీకి ముందు ఈ కట్టుబాట్లు అందరికీ చెప్పండి:

* గాలానికుండే ఎదురు ముల్లును పటకారుతో నొక్కేయాలి. చేప నోరు చీరదు.
* చేపను తడి చేతులతోనే పట్టాలి. మొప్పల్లో వేళ్లు పెట్టి వేలాడదీయొద్దు. ఒంటి జిగురు పోతే రోగం పట్టినట్టే.
* చేపను ఉంచే డ్రమ్మును అంచుదాకా నింపి మూత బిగించొద్దు. పైన జానెడు ఖాళీ, మూతకు రంధ్రాలు ఉండాలి. నీళ్లున్నా గాలి అందకపోతే కొర్రమీను చస్తుంది. మూతే లేకపోతే ఎగిరి బయట పడుతుంది.
* ప్లాస్టిక్ పట్టా పరిచిన కుంట గట్టు పాచిపట్టి జారుతుంది. పడ్డవాడు పైకి రాలేడు. నాలుగు వైపులా ముడులేసిన తాడు, ఒక నిచ్చెన తప్పనిసరి. పిల్లల్ని గట్టు ఎక్కనీయొద్దు.

అసలు ముప్పు చలిలో

పోటీ అయ్యాక రైతు మరచిపోయేది ఇదే. చలి మొదలైతే కొర్రమీనుకు పుండ్ల రోగం వస్తుంది. బూజు జాతి సూక్ష్మజీవి దీనికి మూలం. దెబ్బ తగిలిన చోట అది తేలిగ్గా చొరబడుతుంది. ఒంటిమీద ఎర్ర మచ్చ, తర్వాత లోతైన పుండు. ఒక చేపతో మొదలై కుంటంతా పాకుతుంది. ఏడాది కష్టం వారం పది రోజుల్లో నీళ్లపాలు.

అందుకే గాలం లోతుగా దిగిన చేపను, ఒళ్లు గీరుకున్న చేపను తిరిగి వదలకండి. ఆ రోజే అమ్మేయండి. కొర్రమీను బతికుంటేనే ధర. వదిలిన చేపల్ని పది రోజులు కనిపెట్టి చూడండి. మచ్చ కనబడితే మత్స్యశాఖ అధికారిని అడిగి సున్నం మోతాదు తెలుసుకోండి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ ఈ రోగానికే 'సీఫాక్స్' మందు రూపొందించింది. విశాఖ కార్తె దాటాక, చలి ముదిరాక పోటీ ఊసే వద్దు.

కొత్తగా పెంచేవారికి ఒక మాట. బొచ్చె, రోహు పిల్లలున్న కుంటలో కొర్రమీను వేస్తే వాటినే మేస్తుంది. తనలో చిన్నదాన్ని పెద్దది మింగుతుంది గనుక సైజుల వారీగా వేరు చేస్తుండాలి. వాన రాత్రి గట్టెక్కి పాక్కుంటూ పోయే చేప ఇది, చుట్టూ వల కట్టాలి.

గాలం వేసేవాడికి ఇది ఒక పూట సరదా. రైతుకు ఏడాది పెట్టుబడి. పోటీలో ఎవరు గెలిచినా, సాయంత్రం కుంటలో చేప క్షేమంగా ఈదుతుంటేనే రైతు గెలిచినట్టు.