పిల్లల కిడ్నీకి డాప్లర్ స్కాన్: ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పావగడ తాలూకా వల్లూరు అంటే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది 2,050 మెగావాట్ల సోలార్ పార్కు. కానీ తరతరాలుగా ఇక్కడున్న తెలుగు కుటుంబాలకు రోజువారీ ఇబ్బంది వేరు. ఇంట్లో మాట తెలుగు, కచేరీలో మాట కన్నడ, ఆసుపత్రి రిపోర్టు ఇంగ్లీషు. బిడ్డకు జబ్బు చేసినప్పుడు ఈ మూడింటి మధ్య చాలా సంగతులు జారిపోతాయి. రిపోర్టు చివర ఉండే 'నార్మల్' అనే మాట మాత్రం అందరికీ అర్థమవుతుంది. పిల్లల మూత్రం ఇన్‌ఫెక్షన్ విషయంలో ఒక్కోసారి తప్పుదారి పట్టించేది ఆ మాటే.

పిల్లలకు మూత్రం వెనక్కి తన్నే జబ్బు, అంటే రిఫ్లక్స్, ఉందేమోనని అనుమానం వచ్చినప్పుడు చేసే డాప్లర్ స్కాన్ గురించి తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలివి.

రిఫ్లక్స్ అంటే ఏమిటి?

కిడ్నీల్లో తయారైన మూత్రం రెండు సన్నటి గొట్టాల ద్వారా మూత్రాశయంలోకి దిగుతుంది. ఈ గొట్టాలు మూత్రాశయం గోడలోకి ఏటవాలుగా దూరి వస్తాయి. మూత్రాశయం నిండినప్పుడు, బిడ్డ ఒంటికి పోసేటప్పుడు గోడ నొక్కుకుని ఆ దారి మూసుకుంటుంది. బావి మోటారుకు ఫుట్ వాల్వ్ ఎలాగో ఇదీ అంతే. నీళ్లు వెనక్కి పోకుండా ఆపుతుంది.

కొందరు పిల్లల్లో గోడలో ఉండే ఆ గొట్టం భాగం పుట్టుకతోనే పొట్టిగా ఉంటుంది. అప్పుడు దారి సరిగ్గా మూసుకోదు, మూత్రం పైకి తన్నుతుంది. దీన్నే డాక్టర్లు వెసికో యూరెటెరల్ రిఫ్లక్స్ అంటారు. రిపోర్టుల్లో వీయూఆర్ అని రాస్తారు. తీవ్రతను బట్టి దీనికి 1 నుంచి 5 వరకు గ్రేడులున్నాయి. 1వ గ్రేడులో మూత్రం గొట్టంలోకే వెళ్తుంది. 5వ గ్రేడులో కిడ్నీ లోపలి భాగం బాగా ఉబ్బిపోతుంది, గొట్టం వంకర్లు తిరుగుతుంది.

జ్వరంతో మూత్రం ఇన్‌ఫెక్షన్ వచ్చిన పిల్లల్లో సుమారు ముగ్గురిలో ఒకరికి రిఫ్లక్స్ ఉంటుంది. బిడ్డ పెరిగేకొద్దీ గొట్టం లోపలి భాగం పొడవవుతుంది కాబట్టి చిన్న గ్రేడులు చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి. అసలు ప్రమాదం మూత్రంతో పాటు క్రిములు కిడ్నీ దాకా ఎక్కడం. ఆ ఇన్‌ఫెక్షన్ మానినచోట మచ్చ పడవచ్చు. మచ్చ పడిన భాగం మళ్లీ పనిచేయదు. మచ్చలు ఎక్కువైతే పెద్దయ్యాక బీపీ రావచ్చు, కొందరిలో కిడ్నీ పనితీరే తగ్గవచ్చు.

మన ప్రాంతంలో నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య పాతది. శ్రీకాకుళం ఉద్దానం కిడ్నీ జబ్బు గురించీ వింటూనే ఉన్నాం. అందుకే కిడ్నీ అనగానే "నీళ్ల వల్లేనా?" అని అడుగుతారు. ఉద్దానం జబ్బు ప్రధానంగా పెద్దవాళ్లకు వచ్చేది, దాని కథ వేరు. రిఫ్లక్స్ నీళ్ల వల్ల రాదు. అయితే కుటుంబాల్లో నడుస్తుంది. ఒక బిడ్డకు ఉంటే తోబుట్టువుల్లో సుమారు నలుగురిలో ఒకరికి ఉండే అవకాశం ఉంది.

డాప్లర్ ఏం చూస్తుంది?

మామూలు అల్ట్రాసౌండ్ కిడ్నీ ఆకారాన్ని చూపిస్తుంది. సైజు ఎంత, రెండూ సమానంగా ఉన్నాయా, వాపు ఉందా, ఎక్కడైనా పలచబడిందా అన్నవి అందులో తెలుస్తాయి. డాప్లర్ అదే యంత్రంతో రక్తం కదలికను చూస్తుంది. కదిలే వస్తువు నుంచి వచ్చే తరంగం మారుతుందని 1842లో ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ చెప్పిన సూత్రమే దీనికి మూలం. సూది లేదు, మందు లేదు, రేడియేషన్ లేదు. బిడ్డ కదలకుండా పడుకుంటే చాలు.

గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. ఆరోగ్యమైన కిడ్నీలో గుండె కొట్టుకున్నప్పుడే కాదు, రెండు దెబ్బల మధ్య కూడా రక్తం పారుతూనే ఉంటుంది. రిపోర్టులో కనిపించే 'ఆర్‌ఐ', అంటే రెసిస్టివ్ ఇండెక్స్, దీన్నే కొలుస్తుంది.

లెక్క సులభం. గుండె కొట్టినప్పుడు రక్తం వేగం సెకనుకు 50 సెంటీమీటర్లు, దెబ్బకూ దెబ్బకూ మధ్య చివర్లో 20 సెంటీమీటర్లు అనుకుందాం. 50 లోంచి 20 తీసేస్తే 30. దాన్ని 50తో భాగిస్తే 0.60. ఆ చివరి వేగం 10కి పడిపోతే అదే అంకె 0.80 అవుతుంది. అంటే కిడ్నీ లోపలి సన్నటి రక్తనాళాల్లో అడ్డు పెరిగిందన్న మాట. మచ్చలు పడినచోట ఇలా జరగవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పెద్దవాళ్లలో 0.70 దాటితే ఎక్కువ అంటారు. చంటిపిల్లల్లో అది దాటడం మామూలే, నాలుగైదేళ్లు వచ్చేసరికి పెద్దవాళ్ల స్థాయికి దిగుతుంది. బిడ్డ ఏడ్చినా, ఒంట్లో నీరు తగ్గినా, గుండె వేగం మారినా అంకె మారుతుంది. కాబట్టి ఎనిమిది నెలల పాప రిపోర్టులో 0.74 చూసి భయపడక్కర్లేదు. డాక్టర్లు ఒక్క అంకెనే పట్టుకోరు. ఎడమ, కుడి కిడ్నీల మధ్య తేడా ఎంత, పోయినసారికీ ఇప్పటికీ మార్పు ఉందా అని చూస్తారు.

పవర్ డాప్లర్ అనే మరో పద్ధతిలో రక్తం చేరిన భాగమంతా రంగుతో కనిపిస్తుంది. కిడ్నీకి ఇన్‌ఫెక్షన్ పాకినప్పుడు ఆ భాగానికి రక్తం తగ్గి అక్కడ రంగు పలచబడుతుంది. కనిపిస్తే మంచి ఆధారమే. కనిపించనంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ లేదని చెప్పలేం.

డాప్లర్ చెప్పలేనిది

మూత్రం వెనక్కి వెళ్తోందా లేదా అన్నది కిడ్నీ రక్తప్రసరణ స్కాన్ చెప్పదు. మామూలు స్కాన్ కూడా నమ్మకంగా చెప్పలేదు. రిఫ్లక్స్ ఉన్న పిల్లల్లో చాలామందికి స్కాన్ నార్మల్‌గానే వస్తుంది. ఆర్‌ఐ విషయంలోనూ మచ్చలున్న కిడ్నీల్లో అంకె పెరిగిందని కొన్ని అధ్యయనాలు చెబితే, ఆరోగ్యమైన పిల్లలతో పెద్ద తేడా లేదని మరికొన్ని చెప్పాయి. అందుకే డాప్లర్ తోడు పరీక్షే. తక్కిన పరీక్షల స్థానాన్ని అది తీసుకోలేదు.

రిఫ్లక్స్‌ను తేల్చేది ఎంసీయూ పరీక్ష. సన్న గొట్టంతో మూత్రాశయంలోకి మందు నింపి, బిడ్డ ఒంటికి పోసేటప్పుడు ఎక్స్‌రే తీస్తారు. మచ్చలను బాగా చూపించేది డీఎంఎస్‌ఏ స్కాన్. దీనికి కొద్దిపాటి రేడియోధార్మిక మందు నరంలోకి ఇస్తారు. మచ్చ నిలిచిపోయిందా అని చూడాలంటే ఇన్‌ఫెక్షన్ తగ్గిన నాలుగైదు నెలల తర్వాత చేస్తారు. ఇది న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్నచోటే దొరుకుతుంది, మనకు సాధారణంగా బెంగళూరు ప్రయాణం తప్పదు. పావగడ నుంచి సుమారు 150 కిలోమీటర్లు.

ఈ దూరం వల్లే డాప్లర్‌కు మన దగ్గర విలువ ఉంది. రిఫ్లక్స్ ఉందని తేలిన బిడ్డకు కిడ్నీ పెరుగుతోందా, రక్తం సరిగ్గా అందుతోందా అని దగ్గరి ఊళ్లోనే, ఇబ్బంది లేకుండా, మళ్లీ మళ్లీ చూడొచ్చు. కానీ "డాప్లర్ బాగుంది కదా" అని డాక్టరు రాసిన ఎంసీయూ మానేయడం, మందు ఆపేయడం మాత్రం చేయకూడదు.

అందరికీ అన్ని పరీక్షలూ అక్కర్లేదు. బిడ్డ వయసు, ఇన్‌ఫెక్షన్ ఎన్నోసారి, స్కాన్‌లో ఏముంది అన్నవి చూసి డాక్టరు నిర్ణయిస్తారు. వైద్యమూ అంతే. అమెరికాలో రిఫ్లక్స్ ఉన్న 607 మంది పిల్లలపై చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో రోజూ చిన్న మోతాదు యాంటీబయాటిక్ ఇస్తే ఇన్‌ఫెక్షన్లు మళ్లీ రావడం సుమారు సగానికి తగ్గింది. మచ్చల్లో మాత్రం తేడా కనిపించలేదు. అందుకే కొందరికి మందు, కొందరికి కనిపెట్టుకుని ఉండటం, కొద్దిమందికి ఇంజెక్షన్ పద్ధతి లేదా ఆపరేషన్ సూచిస్తారు.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి

* జలుబు, దగ్గు లేకుండా జ్వరం వస్తే మూత్ర పరీక్ష చేయించండి. చంటిపిల్లల్లో వాంతులు, పాలు తాగకపోవడం, బరువు పెరగకపోవడం కూడా గుర్తులే. మూత్రంలో మంట అని వాళ్లు చెప్పలేరు.
* వీలైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే కల్చర్‌కు మూత్రం ఇవ్వండి. చర్మానికి అంటించే సంచిలో పట్టిన మూత్రం కల్చర్‌కు నమ్మదగింది కాదు.
* మెడికల్ షాపు మందుతో రోజులు గడపొద్దు. చికిత్స రెండు మూడు రోజులు ఆలస్యమైనా మచ్చ పడే అవకాశం పెరుగుతుంది.
* మలబద్ధకం, మూత్రం ఆపుకోవడం ఇన్‌ఫెక్షన్లను పెంచుతాయి. బడిలో మరుగుదొడ్డి బాగోక పిల్లలు సాయంత్రం దాకా ఆపుకుంటున్నారేమో అడగండి.
* రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకే ఫైల్లో పెట్టి ప్రతిసారీ తీసుకెళ్లండి. పాత స్కాన్‌తో పోల్చినప్పుడే కొత్త అంకెకు అర్థం ఉంటుంది.

డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి. రెండు కిడ్నీలూ వయసుకు తగ్గ సైజులో ఉన్నాయా? మచ్చ అనుమానం ఉందా? ఎంసీయూ కావాలా, వద్దంటే ఎందుకు వద్దు? తెలుగులో అడగడానికి మొహమాటపడొద్దు. మన వైపు ఆసుపత్రుల్లో తెలుగు తెలిసిన నర్సో సిబ్బందో తరచుగా ఉంటారు, పిలిపించమనండి. జవాబులు అర్థమయ్యాకే ఇంటికి రండి.