నేల పదును

రైతు చేనిలో నడచుచు వంగి, పిడికెడు మన్ను తీసి అరచేతిలో నొక్కి చూచును. ముద్దగా నిలిచినచో పదునున్నదనియు, పొడిపొడిగా రాలినచో తడి పెట్టవలెననియు నిర్ణయించును. తరతరములుగా వచ్చుచున్న ఈ పరీక్షను చిన్నచూపు చూడరాదు. అయినను చేయి తెలుపునది ఆ పిడికెడు మంటి సంగతియే. పైపొర ఎండినను జానెడు లోతున, వేళ్లు వ్యాపించినచోట, చెమ్మ నిండుగ ఉండవచ్చును. అది యెరుగక నీరు కట్టినచో, ఆ నీరు వేళ్లను దాటి ఇంకిపోవును. పోవుచు నేలలోని నత్రజనిని వెంటగొని పోవును. బావిలో నీరు తరుగును, పైరునకు మేలు కలుగదు.

చెమ్మను కొలుచుటకు ప్రయోగశాలలలో సూటియైన పద్ధతి కలదు. తడిమన్ను తూచి, 105 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 24 గంటలు ఎండబెట్టి, మరల తూచెదరు. 120 గ్రాముల మన్ను ఎండి 100 గ్రాములైనచో, తేమ నూటికి 20 పాళ్లు.

కాని యిక్కడ నొక చిక్కు కలదు. నూటికి 12 పాళ్ల తేమగల ఎర్రచెలకలో పైరు పచ్చగా నుండును. అంతే తేమగల నల్లరేగడిలో వడలిపోవును. రేగడిలోని అతిసూక్ష్మమైన బంకమట్టి రేణువులు నీటిని గట్టిగా పట్టియుంచును. లోభి యింటి ధనమువలె, నీరు ఉండియు వేరునకు దక్కదు. కావున కొలువవలసినది నీటి పరిమాణము మాత్రమే కాదు, దానిపై మంటికి గల పట్టును కూడ.

ఆ పట్టును కొలుచు పరికరమునకు టెన్షియోమీటరని పేరు. నీరు నింపిన గొట్టమునకు అడుగున, కూజావలె నీరు చెమర్చు పింగాణి కప్పు ఉండును. పైన గాలి చొరకుండ మూత బిగించి, కప్పు వేళ్ల లోతున ఉండునట్లు పాతుదురు. నేల ఎండినకొలది మన్ను కప్పునుండి నీటిని లాగుకొనును. గొట్టములో శూన్యము పెరిగి, పైనున్న ముల్లు కదలును. కొలత సెంటీబారులలో నుండును. 10కి లోపైనచో నేల మిక్కిలి తడి. పెక్కు పైరులకు 30, 60 నడుమ తడి పెట్టుదురు. ఇసుకనేలలలో ఇంకను ముందే. 80 దాటినచో గొట్టములోనికి గాలి చొచ్చి పరికరము పనిచేయదు. నెరలు విచ్చు రేగడిలో కప్పునకు మంటికి నడుమ సందేర్పడి, ముల్లు తప్పు చూపుటయు కలదు.

పంజాబులో బోర్ల సేద్యమువలన భూగర్భజలము లోతునకు దిగిపోయినది. అందుచే లూథియానాలోని పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు వరి రైతులకొరకు రంగుపట్టీలుగల టెన్షియోమీటరును రూపొందించిరి. గొట్టములోని నీరు ఆకుపచ్చ పట్టీలో నున్నంతవరకు మోటారు వేయనక్కరలేదు. పసుపుపచ్చ పట్టీలోనికి దిగగానే తడి పెట్టవలెను. అంకెలు చదువనేరని రైతు సయితము గట్టుమీద నిలిచి దీనిని చూచుకొనగలడు.