హజ్రత్ మర్యమ్ వేదన, మన ఇంటి బాలింత

  

నేటి విషయం స్త్రీలది. వింటున్నవారిలో అధికులు పురుషులు. అదే మేలు. ఇందులో చేయవలసిన పని చాలావరకు మనదే.

దివ్య ఖుర్ఆన్ 19వ అధ్యాయంలో హజ్రత్ మర్యమ్ ప్రసవ ఘట్టం ఉంది. నొప్పులు ఆమెను ఖర్జూరపు చెట్టు మొదలు దగ్గరకు చేర్చాయి. ఇంతకు ముందే మరణించి, అందరి మరపున పడి ఉంటే బాగుండేదని ఆమె విలపించారు. లోకంలోని స్త్రీలలో అల్లాహ్ ఎన్నుకున్న స్త్రీ నోట వెలువడిన వేదన అది. ఆమె ఈమాన్‌ను ఎవరు శంకించగలరు? ఆమెకు మందలింపు రాలేదు. దుఃఖించవద్దన్న ఓదార్పు వచ్చింది. పాదాల చెంత నీటి ఊట, తినడానికి పండిన ఖర్జూరాలు లభించాయి. జనానికి సంజాయిషీ చెప్పుకోనక్కరలేకుండా ఆ దినానికి మౌనం విధించబడింది.

మరి మన బొబ్బిలి ఇళ్లలో? చిల్లా నలభై రోజులూ నూనె, కాయం, పథ్యం దేనికీ లోటుండదు. మనసు సంగతి వచ్చేసరికి "పసిబిడ్డ ఉన్న ఇంట ఏడుపేమిటి", "నమాజు లేని రోజులు, షైతాను పట్టాడు", "మళ్లీ ఆడపిల్లేనా" అన్న మాటలే. నిఫాస్‌లో నమాజు మినహాయింపు అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యం. దానిని నిందగా మార్చినది మనమే.

కాన్పయిన రెండు మూడు రోజులకు కారణం తెలియని కన్నీరు సాధారణం. రెండు వారాలలో తగ్గుతుంది. అంతకు మించి నిలిచినా, బిడ్డ నిద్రించినా తల్లికి కునుకు పట్టకపోయినా, బిడ్డపై మమకారం కలగడం లేదని ఆమె కుమిలిపోతున్నా అది వ్యాధి కావచ్చు. వర్ధమాన దేశాలలో గర్భిణులలో 15.6 శాతం, బాలింతలలో 19.8 శాతం మందికి ఇటువంటి మానసిక రుగ్మత, ప్రధానంగా కుంగుబాటు, కలుగుతున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. తావీజు కట్టి ఊరుకోరాదు. దుఆ చేద్దాం, వైద్యమూ చేయిద్దాం; చికిత్స చేయించుకోమన్నది ప్రవక్త (స) బోధనే. పాలిచ్చే తల్లికి తగిన మందులను వైద్యులు చూసి ఇస్తారు.

కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశా కార్యకర్త ఇంటికి రావలసి ఉంటుంది. ఏడవ రోజున మనం అఖీఖా మాంసం వాటాల హడావుడిలో ఉంటాం! ఆమె బిడ్డ బరువు చూస్తుంది. తల్లి నిద్ర, తల్లి దిగులు గురించి భర్తే ముందుగా చెప్పాలి. టెలి మానస్ 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు. చనిపోవాలని ఉందన్నా, లేని గొంతులు వినిపిస్తున్నాయన్నా, తల్లినీ బిడ్డనూ ఒంటరిగా విడువక అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అక్కడ బిడ్డను వేరు చేస్తారని కొందరి భయం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్సలో ఉన్న తల్లి నుండి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదు.