ఏ కెమెరా కొనాలి? ముందు జార్లు చూడండి... తర్వాతే మిక్సీ!

“కెనాన్ మంచిగుంటదా అక్కా, నికాన్ మంచిగుంటదా?”

కంది నుంచి పటాన్‌చెరు దాకా హైవే పక్కన ఏ కాలనీలో అయినా ఇప్పుడు ఇంటిపట్టున ఉండి నాలుగు రాళ్లు సంపాదించుకునే ఆడవాళ్లు కనిపిస్తారు. ఒకావిడ మగ్గం వర్క్ జాకెట్లు కుడుతుంది. ఇంకొకావిడ ఆర్డర్ల మీద కేకులు చేస్తుంది. మరొకావిడ సర్వపిండి ఎలా కాల్చాలో వీడియో తీసి పెడుతుంది. ముగ్గురికీ కష్టం ఒక్కటే. ఎదురుగా చూస్తే కళ్లు చెదిరే జరీ, ఫోనులో తీస్తే పసుపు రాసినట్టు వెలవెలబోతుంది! అప్పుడు ఎవరో ఒకరు “పెద్ద కెమెరా కొనరాదూ” అంటారు. చిట్టీ ఎత్తిన డబ్బు చేతిలో ఉంటుంది. ఇక మొదలు... ఇంట్లో బాబు ఒక పేరు చెబుతాడు, శ్రీవారు ఇంకో పేరు చెబుతారు, షాపతను ఏది మిగిలిపోయి ఉంటే దాని పేరు చెబుతాడు.

డబ్బు మీది. కాబట్టి ఈ పది నిమిషాలు మీరే కేటాయించండి.

మీకు ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. డి.ఎస్.ఎల్.ఆర్. అంటే లోపల చిన్న అద్దం ఉన్న కెమెరా. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగు ఆ అద్దం మీద పడి పైకి మళ్లి మీ కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం ‘టప్’మని పైకి లేస్తుంది, వెనకాల ఉన్న సెన్సర్ మీద బొమ్మ పడుతుంది. 2018లో నికాన్, కెనాన్ రెండూ తమ పెద్ద సెన్సర్ కెమెరాలను ఈ అద్దం లేకుండా తీసుకొచ్చాయి. వాటిని మిర్రర్‌లెస్ అంటారు. అప్పటినుంచి రెండు కంపెనీల దృష్టీ అటే మళ్లింది. చాలా ఇళ్లలో మొదటి కెమెరాగా అడుగుపెట్టిన నికాన్ డి3500 తయారీ కూడా ఆగిపోయింది. అందుచేత ఇవాళ అద్దం కెమెరా అంటే ఎక్కువగా ఒకరు వాడినదో, షాపులో మిగిలిన సరుకో. దానికి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఒకప్పుడు మన బడ్జెట్టుకు అందనివి ఇప్పుడు అందుతున్నాయంటే కారణం ఇదే. మూడేళ్ల కిందటి కెమెరాకు బొమ్మ పాచిపోదు కదా!

సరే, అసలు విషయానికి వద్దాం. కెమెరా కొనేటప్పుడు అందరూ బాడీని చూస్తారు. ఇరవై నాలుగు మెగాపిక్సెల్ అని అట్ట మీద కనిపించగానే మురిసిపోతారు. కెనాన్ 1500డి చూసినా, నికాన్ డి3500 చూసినా ఆ లెక్క ఇంచుమించు ఒకటే. అంతమందంలో తీసిన బొమ్మను పుస్తకంలో అచ్చువేసే నాణ్యతతోనే ఇరవై అంగుళాల వెడల్పు దాకా వేయించుకోవచ్చు. మనం చూపించేది అరచేయంత ఫోను తెర మీద! కాబట్టి అక్కడ తేడా వెతకడం దండగ.

తేడా లెన్స్ దగ్గర ఉంది. మన మిక్సీనే తీసుకోండి. ఒక కంపెనీ జార్ ఇంకో కంపెనీ మిక్సీ మీద కూర్చోదు. ఇక్కడా అంతే. నికాన్ లెన్స్ కెనాన్ మీద బిగదు. బాడీ అయిదారేళ్లకు మారుతుంది, లెన్సులు మాత్రం అమ్మమ్మగారి ఇత్తడి గిన్నెల్లా చేతులు మారుతూ ఉంటాయి. మీరు కొంటున్నది కెమెరా అనుకుంటారు గానీ, నిజానికి ఆ లెన్సుల ఇంటికి కోడలుగా వెళుతున్నారన్నమాట.

కెనాన్ వాళ్లు 1987లో తమ పాత బిగింపును పూర్తిగా వదిలేసి ‘ఇ.ఎఫ్.’ అనే కొత్త బిగింపు తెచ్చారు. అప్పటిదాకా లెన్సులు కొనుక్కున్నవాళ్లు తిట్టుకున్నారట, తిట్టుకోరూ మరి! కానీ దానివల్ల తర్వాతివాళ్లకు సుఖం కలిగింది. ఫోకస్ తిప్పే మోటారును ఆటోఫోకస్ లెన్స్ లోపలే పెట్టేశారు. జార్‌లోనే మోటారు ఉన్నట్టు! అందుకని కెనాన్ అద్దం కెమెరా ఏది కొన్నా, ఆ కంపెనీ ఇ.ఎఫ్. ఆటోఫోకస్ లెన్స్ పాతదైనా సరే దాని మీద తనంతట తానే ఫోకస్ చేసుకుంటుంది.

నికాన్ వాళ్లు అలా చేయలేదు. 1959లో మొదలుపెట్టిన ‘ఎఫ్’ బిగింపునే అంటిపెట్టుకున్నారు. మంచి పనే. అయితే వాళ్ల పాత ఆటోఫోకస్ లెన్సుల్లో మోటారు ఉండదు. అచ్చం మిక్సీ జార్ అడుగున ఉండే కప్లర్‌లాగే ఒక చిన్న గాడి ఉంటుంది. బాడీలో మోటారు తిరిగితే ఆ గాడిలో పడి లెన్స్ తిరగాలి. మరి మన బడ్జెట్టుకు వచ్చే డి3000 వరసలోనూ, డి5000 వరసలోనూ ఆ మోటారు తీసేశారు! డి7000 వరసలో ఉంది గానీ అది బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే.

ఇక్కడే చాలామంది దెబ్బతినేది. ‘50 ఎం.ఎం. 1.8డి’ అని చవగ్గా దొరుకుతుంది. డి3500 మీద బిగించండి... చక్కగా కూర్చుంటుంది. కానీ ఫోకస్ చేయదు. ప్రతి బొమ్మకూ చేత్తో రింగు తిప్పుకోవాల్సిందే. అదే ‘1.8జి’ కొంటే దిగుల్లేదు, దాని పేరులో ‘ఏఎఫ్-ఎస్’ అని ఉంటుంది. అయ్యో, ‘జి’ అని ఉంటే చాలు కదా అనుకునేరు! 70-300 లెన్సుల్లో మోటారు లేని ‘జి’ కూడా ఒకటుంది. ఆదివారాలు మంజీరా అభయారణ్యం వైపు వెళ్లి కొంగల్నీ, గట్టు మీద ఎండ కాచుకునే మొసళ్లనూ తీద్దామని శ్రీవారు ముచ్చటపడితే, అతి చవగ్గా దొరికేది సాధారణంగా అదే. అందుకని నికాన్ చిన్న కెమెరాకు లెన్స్ కొనేటప్పుడు పేరులో ‘ఏఎఫ్-ఎస్’ గానీ ‘ఏఎఫ్-పి’ గానీ ఉందా అని మీరే చదవండి. షాపతన్ని చదవమనకండి. ‘ఏఎఫ్-పి’తో ఇంకో చిక్కు కూడా ఉంది. అవి డి3500, డి5600 లాంటి వాటి మీద పనిచేస్తాయి గానీ డి3100 లాంటి పాత బాడీల మీద ఫోకస్ చేయవు.

రేపు మిర్రర్‌లెస్‌కు మారినా ఈ తేడా వెంట వస్తుంది. కెనాన్ అడాప్టర్ పెడితే ఇ.ఎఫ్. లెన్సులు కొత్త కెమెరా మీద మామూలుగానే ఫోకస్ చేస్తాయి. నికాన్ 2018లో తెచ్చిన ఎఫ్.టి.జెడ్. అడాప్టర్‌లోనూ మోటారు లేదు, అక్కడ కూడా ‘డి’ లెన్స్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

అంటే కెనానే గొప్పదా? అలా తేల్చేస్తే తప్పు. ఒకరు వాడిన కెమెరా కొనేటప్పుడు నికాన్‌లో ఒక మేలుంది. ఎన్నిసార్లు మీట నొక్కారో ఆ లెక్క ప్రతి ఫోటో ఫైలులోనే దాగి ఉంటుంది. ఒక ఫోటో తీసి, ఇంట్లో పిల్లల్ని కంప్యూటర్‌లో చూడమంటే చిటికెలో చెబుతారు. డి3500 షట్టరును లక్ష క్లిక్కుల వరకు పరీక్షించారు. తొంభై వేలు దాటినదాన్ని “కొత్తదానిలెక్కనే ఉంది మేడమ్” అని అంటగడితే అప్పుడు మీరే నవ్వొచ్చు. కెనాన్‌లో మామూలుగా తీసిన ఫోటోలో ఆ లెక్క ఉండదు.

రంగుల సంగతి చెప్పనా? కెనాన్‌లో ఒంటి రంగు బాగా వస్తుందనీ, నికాన్ పచ్చగా కొడుతుందనీ పందేలు కాస్తారు. మీ హాల్లో ట్యూబ్‌లైట్, వంటింట్లో పసుపు బల్బు, పక్కన కిటికీ ఉంటే ఏ కంపెనీ కెమెరా అయినా తికమకపడుతుంది. ఒకే దీపం ఉంచి మిగతావి ఆర్పేయండి. తెల్ల కాగితం ఒకటి ఫోటో తీసి వైట్ బ్యాలెన్స్ దాని ప్రకారం సరిచేసుకోండి. అప్పుడు రెండింటిలోనూ జరీ జరీలాగే కనిపిస్తుంది.

వీడియోలు చేసేవాళ్లకు మాత్రం తేడా నిజంగానే ఉంది. వీడియో తీస్తున్నప్పుడు అద్దం పైకి లేచి ఉంటుంది కనుక ఫోకస్ చేసే పద్ధతి మారిపోతుంది. కెనాన్ 200డి మార్క్ 2లో ఆ పని సాఫీగా జరుగుతుంది, తెర బయటకు తిరుగుతుంది, మైకు పెట్టుకునే చోటు కూడా ఉంది. నికాన్ డి5600కూ తిరిగే తెరా, మైకు చోటూ ఉన్నాయి. కానీ మీరు గరిటె పట్టుకుని ముందుకూ వెనక్కీ కదులుతుంటే ఫోకస్ తడుముకుంటుంది. 1500డిలోనూ, డి3500లోనూ మైకు చోటే లేదు. కుక్కర్ విజిల్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోత అన్నీ మీ మాటలతో కలిసిపోతాయి. వంటల వీడియోలే మీ పనైతే ఈ రెండింటి జోలికి వెళ్లకండి.

సోనీ మాటేమిటంటారా? 2006లో కోనికా మినోల్టా కెమెరా వ్యాపారాన్ని తీసుకుని ‘ఎ’ బిగింపుతో ఆల్ఫా కెమెరాలు చేశారు. 2021లో ఆ వరస ముగిసింది. ఇప్పుడు వాళ్లవన్నీ మిర్రర్‌లెస్‌లే. పాత ఆల్ఫా చవగ్గా వస్తుంది గానీ, దానికి లెన్సులు ఎక్కడ వెతుక్కుంటారు? పెంటాక్స్ వాళ్లు అద్దాన్ని నమ్ముకునే ఉన్నారు, మంచి కెమెరాలే. కాకపోతే మన వైపు అరువివ్వడానికి ఇంకొకరి దగ్గర ఉండదు.

నవ్వకండి, ఆ అరువే నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద విషయం. మీ ఆడపడుచు దగ్గర నికాన్ ఉందా? వీధి చివర పెళ్లి ఫోటోలు తీసే స్టూడియో అబ్బాయి కెనాన్ వాడుతున్నాడా? పాప బారసాలకు ఒక్కరోజు మంచి లెన్స్ కావాలంటే అడిగి తెచ్చుకునే ఇల్లు ఏదో అదే మీ కంపెనీ. కెనాన్, నికాన్‌లలో జూమ్ తిప్పడం కూడా ఒకదానికొకటి ఎదురు దిక్కు. పక్కింట్లో అదే రకం ఉంటే నేర్పేవాళ్లూ దొరికినట్టే.

ఆడవాళ్లకు కెమెరా సంగతులెందుకనేవాళ్లు మీ ఇంట్లో ఉంటే వాళ్లకు ఒక కబురు చెప్పండి. ఆరో నిజాం కాలంలో రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో పెట్టించారు. పరదా పాటించే బీబీలు ఇబ్బంది పడకుండా అక్కడ ఫోటోల బాధ్యత ఒక ఆంగ్ల వనితకు అప్పగించారు. నూట ముప్పై ఏళ్ల కిందటి మాట!

ఇక కొనడానికి బయల్దేరేటప్పుడు ఒక చిన్న టార్చి వెంట పెట్టుకోండి. హైదరాబాద్ కోఠికి వెళ్లినా, మన కంది ఐ.ఐ.టి.లో చదువు ముగించుకుని ఊరెళ్లే పిల్లల దగ్గర దొరికినా ఇదే పద్ధతి. లెన్స్ విప్పి ఒక వైపు నుంచి టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. సాలెగూటి దారాల్లాంటివి కనబడితే అది బూజు, బేరమాడకుండా తిరిగి ఇచ్చేయండి. తర్వాత ఎఫ్16 అని పెట్టి తెల్ల గోడను తీసి, పెద్దది చేసి చూడండి. నల్ల చుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ము. అది శుభ్రం చేయించవచ్చు, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. కొత్తదైతే ఇండియా వారంటీ కార్డూ, జి.ఎస్.టి. బిల్లూ లేనిదే డబ్బు తీయకండి.

ఇరుకు వంటింట్లో ఫోటోలు తీసేవాళ్లు 50 ఎం.ఎం. మీద మోజుపడొద్దు. ఈ చిన్న సెన్సర్ మీద అది 75, 80 లాగా పనిచేస్తుంది. పళ్లెం మొత్తం రావాలంటే మీరు గోడలోకి దూరాలి! కెనాన్‌కు 24, నికాన్‌కు 35 అయితే సరిపోతుంది, లేదా కెమెరాతో వచ్చే 18-55తోనే ముందు ఆర్నెల్లు గడపండి.

ఫ్యాక్టరీల దుమ్ము మనకు తెలియనిది కాదు. ఆరుబయట లెన్స్ మార్చకండి, మార్చక తప్పకపోతే కెమెరా నోరు కిందికి వంచి మార్చండి. వానాకాలంలో తోలు సంచిలో పెడితే బూజు పట్టి తీరుతుంది. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. రంగు మారే గుళికలు తెచ్చుకుంటే మంచిది, రంగు మారిందంటే తడి పీల్చుకున్నట్టు, వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వేసుకోవచ్చు. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి. ఆ పిండి లోపలికి పోతే దులిపేవాళ్లుండరు.