పేరు లేనివారికి పద్దు లేదు



నెల మొదటి తేదీ ఉదయము. మా పక్క గ్రామములో డెబ్బై ఏళ్లు దాటిన ఒక తల్లి అరుగుమీద కూర్చొని ఉన్నది. సచివాలయ ఉద్యోగి వచ్చి, వేలిముద్ర తీసుకొని, 4,000 రూపాయలు చేతిలో పెట్టి వెళ్లాడు. లోపల నులకమంచము మీద ఆమె కుమార్తె. పుట్టినది మొదలు నడిచి ఎరుగదు. ఆ బిడ్డకు పింఛను లేదు.

"ఎందుకమ్మా?" అని అడిగాను.

"కాగితము లేదంట అయ్యగారూ. పెద్దాసుపత్రికి తీసుకుపోవాలంట. ఆటోకి ఎక్కడ తెచ్చేది? దాన్ని ఎత్తేదెవరు?" అన్నది.

ఆ 4,000 ఎవరి సొమ్ము? 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము జాతీయ సామాజిక సహాయ కార్యక్రమమును ప్రారంభించినప్పుడు పేద వృద్ధులకు నెలకు ఇచ్చినది 75 రూపాయలు. ఈ దినమున కూడా 60 నుండి 79 ఏళ్ల వారికి కేంద్రము వాటా 200 మాత్రమే, 80 నిండితే 500. వికలాంగులకు 300, అదియు 80 శాతము వైకల్యము ఉన్నవారికే. మిగిలిన భారమంతా రాష్ట్ర ఖజానాదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుండి వృద్ధులకు 4,000, వికలాంగులకు 6,000 చొప్పున ఇస్తున్నారు.

ఇది దయతో వేసిన భిక్ష కాదు. ఇతరులకిచ్చు సహాయము కంటె వికలాంగులకు కనీసము 25 శాతము ఎక్కువ ఇవ్వవలెనని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము చెప్పుచున్నది.

అయితే బడ్జెట్టు వేయువారు మన ఇంటి మంచమును చూడరు. జాబితాలోని పేర్లను లెక్కించి, ఒక్కొక్కరికి ఇంత అని కట్టి, ఆ మేరకే సొమ్ము కేటాయిస్తారు. వికలాంగుల పేరు ఆ జాబితాకెక్కవలెనంటే వైకల్యము కనీసము 40 శాతమని వైద్యులు ధ్రువపత్రము ఇవ్వాలి. ఎక్కువ కదలలేనివారే ఎక్కువ దూరము పోవలసి వస్తున్నది! ధ్రువపత్రము లేని బిడ్డ లెక్కలో లేదు, లెక్కలో లేని బిడ్డకు పద్దులో పైసా లేదు.

కాబట్టి ఈ వారము మీ వీధిలో విచారించండి. పింఛను లేని వృద్ధులు, ధ్రువపత్రము లేని వికలాంగులు ఎందరు? పేర్లు వ్రాసి సచివాలయములో అడగండి. వైద్యశిబిరము ఏ రోజో తెలిసికొనండి. ఆటో కిరాయి పదిమంది పంచుకుంటే ఒక్కొక్కరికి ఎంత పడుతుంది?

ఆ తల్లి అడిగినది డబ్బు కాదు, మోయుటకు రెండు చేతులు. ఏ ప్రభుత్వము బడ్జెట్టులోను ఆ చేతులకు పద్దు కనబడదు. అవి మన ఊరిలోనే ఉన్నవి.